డైలాగ్ ఆటకి బాధితుల తరఫున ఒక ఉత్తరం

మహారాజశ్రీ 'డైలాగ్ చెప్తా, సినిమా పేరు చెప్పు' గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, మీరు అక్కడ క్షేమంగానే ఉండి ఉంటారు, ఇక్కడ మాకే మనశ్శాంతి లేదు, అందుకు కారణం కూడా తమరే. గౌరవం ఇంతటితో చాలు. నలుగురు స్నేహితులు కూర్చుని ఏదో మాట్లాడుకుంటుంటే పిలవని పేరంటానికి వచ్చి మధ్యలో చతికిలబడేవాళ్ళని 'నువ్వు' అని పిలవడమే ఎక్కువ, కాబట్టి ఇక నువ్వు అనే అంటాను.

చూడ్డానికి నీ అంత అమాయకపు ఆట ఇంకోటి లేదు. పేకముక్కలు అక్కర్లేదు, పాచికలు అక్కర్లేదు, చోటు కూడా అక్కర్లేదు. ఒకడు ఏదో సినిమాలో మాట ఒకటి వదుల్తాడు, మిగతావాళ్ళు ఆ సినిమా పేరు చెప్పాలి, ముందు చెప్పినవాడు తర్వాతి డైలాగ్ వేస్తాడు. ఇంతే కదా, ఇందులో కొట్టుకోవడానికి ఏముంది అని కొత్తగా చేరినవాళ్ళు అనుకుంటారు. పాపం.

అసలు నువ్వు వచ్చాక మా గుంపులో మామూలు మాటకి విలువ పోయింది. మొన్న ఒకడు నిజంగా దిగులుగా వచ్చి, తల పట్టుకుని, "ఇక నా వల్ల కాదురా" అన్నాడు. ఏమైందిరా అని అడగాలి కదా మనిషన్నవాడు. పక్కవాడు కళ్ళు చిన్నవి చేసుకుని, పైకప్పు వైపు చూసి, "ఇంటర్వెల్ ముందా, తర్వాతా?" అన్నాడు. వాడు "సినిమా కాదురా, ఆఫీసులో మేనేజర్" అంటే, ఇంకొకడు "మేనేజర్... కామెడీ ట్రాకా?" అన్నాడు. ఆ మేనేజర్ ఏం చేశాడో ఇప్పటికీ మాకెవరికీ తెలియదు.

సినిమా జ్ఞానం పరీక్షించే ఆటవని నీకో పేరుంది, అది పచ్చి అబద్ధం. నీలో ప్రశ్న వేసేవాడికి జవాబుతో పనే లేదు, వాడికి కావలసింది స్టేజీ. మావాడొకడున్నాడు. వాడి వంతు రాగానే లేచి నిలబడతాడు, గొంతు సవరించుకుంటాడు, భుజం మీద లేని ఉత్తరీయాన్ని వెనక్కి విసురుతాడు, ఎడమచేత్తో లేని మీసం తిప్పి, కుడిచెయ్యి చాచి "ఏమంటివి... ఏమంటివి..." అని మొదలుపెడతాడు. రెండో 'ఏమంటివి' పూర్తి కాకముందే అందరం 'దానవీరశూరకర్ణ' అని అరిచేస్తాం. 1977, దుర్యోధనుడిగా ఎన్టీఆర్, అస్త్రవిద్యా ప్రదర్శన జరిగే సభ, ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. నీ రూలు ప్రకారం వాడక్కడితో కూర్చోవాలి. కూర్చుంటాడా? "ఆగండ్రా, ఒక్క నిమిషం" అని ద్రోణుడి పుట్టుక దగ్గర్నుంచి భీష్ముడి పుట్టుక దాకా అందరి వంశవృక్షాలూ దులిపేస్తాడు, మధ్యలో ఒక ముక్క మర్చిపోతాడు, మర్చిపోయిన చోట నుంచి ఎత్తుకోవడం వాడికి చేతకాదు కాబట్టి మళ్ళీ మొదటి 'ఏమంటివి'కి వెళ్తాడు. జవాబు వచ్చేశాక కూడా ప్రశ్న నడుస్తూనే ఉండే ఆటని నిన్ను తప్ప ఇంకోదాన్ని చూడలేదు.

వీడికి పూర్తిగా వ్యతిరేకం ఇంకొకడు. ఎంత ఆవేశమున్న డైలాగైనా సరే రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ లాగా చదివి పడేస్తాడు. తొడకొట్టే డైలాగ్, కన్నీళ్ళ డైలాగ్, విలన్ నవ్వుతూ చెప్పే డైలాగ్, అన్నిటికీ ఒకటే రాగం. "ఇంత ఫేమస్ డైలాగ్ గుర్తుపట్టలేదా?" అని మళ్ళీ మనల్నే వెక్కిరిస్తాడు. గొంతు తీసేస్తే ఆ మాటలో మిగిలేది ఏమిటో వాడికి ఎవరు చెప్పాలి?

గొంతుల సంగతి వచ్చింది కాబట్టి ఆ లెక్క కూడా తేల్చుకుందాం. "రాజశేఖర్ డైలాగ్ చెప్తా, కాచుకోండి" అని మెడనరాలు బిగించి అందుకుంటాడు ఒకడు. నాయనా, నువ్వు అనుకరిస్తున్నది సాయికుమార్‌ని, రాజశేఖర్ హిట్ సినిమాలు చాలావాటికి డబ్బింగ్ చెప్పింది ఆయనే. ఇంకొకడు రజనీకాంత్ అంటూ వేలు తిప్పుతాడు, వేలు రజనీకాంత్‌దే కానీ చాలా సినిమాల్లో ఆ తెలుగు గొంతు గాయకుడు మనోది. సాయికుమార్ స్వయంగా పోలీసు డ్రెస్సు వేసుకుని, 1996లో కన్నడంలో తీసి తెలుగులోకి తెచ్చిన 'పోలీస్ స్టోరీ'లో కనిపించని నాలుగో సింహం గురించి చెప్తే హాళ్ళు దద్దరిల్లాయి. అంతకుముందు అన్నేళ్ళూ వేరే హీరోల వెనక కనిపించని సింహం ఆయనే మరి. నీ ఆటలో "ఎవరి డైలాగ్?" అనే హింటుకి ఏ పేరు చెప్పాలో ఎప్పుడైనా ఆలోచించావా?

హింటులు! ఆ బేరాల గురించి ఒక పుస్తకం రాయొచ్చు. హీరో ఎవరు? చెప్తే ఇంకేముంది. పోనీ బ్లాక్ అండ్ వైటా, కలరా? కలరు. స్ట్రెయిటా, డబ్బింగా? స్ట్రెయిటే. హిట్టా? ఇక్కడ ప్రశ్న వేసినవాడు కాస్త నొచ్చుకుంటాడు, ఎందుకంటే అది వాడి అభిమాన హీరో సినిమా, ఆడలేదు, అయినా "యావరేజ్" అంటాడు. ఈ 'యావరేజ్' అన్న ఒక్క మాటతో సగం మంది జవాబు పట్టేస్తారు.

అందరికన్నా నన్ను ఏడిపించేది మాత్రం పేరొక్కటి తప్ప అన్నీ తెలిసినవాడు. డైలాగ్ వినగానే మోకాలి మీద చరుచుకుని, "ఆఁ... అదేరా, వాళ్ళ చెల్లెలి పెళ్ళి ఆగిపోతుంది చూడు, వీడు రాత్రికి రాత్రి లారీ ఎక్కేస్తాడు, ఆ లారీలో ఒక ముసలాయన ఉంటాడు, ఆయన అసలు విలన్‌కి అన్న, రెండో పాటలో హీరోయిన్ పసుపు చీర" అంటాడు. పేరు చెప్పరా బాబూ. "నాలుక మీదే ఉంది." పసుపు చీర అంచు ఏ రంగో కూడా చెప్పగలడు, పేరు రాదు. ఈలోగా ఇంకొకడు పేరు చెప్పి పాయింటు కొట్టేస్తే, "కథంతా చెప్పింది నేను" అని వీడు పోట్లాటకి దిగుతాడు. నిజమే కదా అనిపిస్తుంది నాకు. సినిమా మొత్తం చెప్పినవాడికి సున్నా, పోస్టరు మీది మూడక్షరాలు చెప్పినవాడికి పాయింటు. ఇదేం న్యాయం?

న్యాయం అంటే గుర్తొచ్చింది, నీ కోర్టులో జడ్జి ఎవరు? "ఒకసారి కమిట్ అయితే నా మాట నేనే వినను" అన్నాడొకడు. ఇంతకన్నా తేలిక ప్రశ్న ఉండదు, 'పోకిరి', 2006, మహేశ్ బాబు. కానీ ముందు నోరు తెరిచినవాడు 'వాంటెడ్' అన్నాడు. 2009లో ఆ సినిమానే హిందీలో తీసి సల్మాన్ ఖాన్‌తో అదే మాట చెప్పించారు కాబట్టి తప్పని అనలేం. "నేను తెలుగులో చెప్పాను కదరా" అని వీడు, "అర్థం ఒకటే కదరా" అని వాడు. ఇది చాలదన్నట్టు మూడోవాడు 2007లో వచ్చిన తమిళ 'పోక్కిరి'ని, అందులో విజయ్‌ని మధ్యలోకి లాక్కొచ్చాడు. ఒకే మాట మూడు భాషల్లో కమిట్ అయ్యాక ఎవరి మాట ఎవరు వింటారు? ఆ రాత్రి ఇద్దరు మాట్లాడుకోకుండా ఇళ్ళకి వెళ్ళారు. నువ్వు మాత్రం ఎప్పటిలాగే చోద్యం చూశావు.

ఇక డైలాగ్ కచ్చితంగా ఏమిటన్న గొడవ. "అరే ఓ సాంబా, కిత్నే ఆద్మీ థే" అని అందరూ కలిపి చెప్తారు. 'షోలే'లో గబ్బర్ ఎంతమంది వచ్చారని అడిగేది ఓడిపోయి తిరిగొచ్చిన తన మనుషుల్ని. బండ మీద కూర్చున్న సాంబాని అడిగేది తన తల మీద సర్కారు ఎంత బహుమతి పెట్టిందని. రెండు వేరువేరు మాటల్ని జనం ఒకటిగా కుట్టేశారు. పైగా 1975లో వచ్చిన ఆ సినిమాకి పాటల రికార్డులే కాక డైలాగుల రికార్డు కూడా అమ్మారు, అంటే ఇంట్లో పెట్టుకుని అరిగేదాకా విన్నాక కూడా ఇదీ మన సంగతి. మనమొక్కళ్ళమే అనుకోకు, 1942 నాటి హాలీవుడ్ సినిమా 'కాసాబ్లాంకా' అనగానే లోకమంతా "ప్లే ఇట్ అగైన్, శామ్" అంటుంది, ఆ సినిమాలో ఆ మాట ఆ రూపంలో ఎవరూ అనరు. మరి తప్పు డైలాగ్ చెప్పినవాడికి సినిమా పేరు మాత్రం కరెక్టుగా వచ్చేస్తుంది. ప్రశ్న తప్పు, జవాబు ఒప్పు, పాయింటు పక్కా. ఇలాంటి పరీక్ష నా చదువుకునే రోజుల్లో ఉంటే ఎంత బాగుండేది.

ఫోన్ల గురించి పెద్దగా చెప్పను. బల్ల కింద చెయ్యి, మొహం మీద నీలం వెలుగు, ఉన్నట్టుండి జ్ఞానోదయం. అందరికీ కనిపిస్తూనే ఉంటుంది.

ఇదంతా ఓర్చుకోగలను. నా అసలు కోపం వేరే. నువ్వు అడిగేది మాట గురించి. డైలాగ్ అంటే మాటే కదా, పాట కాదు, ఫైటు కాదు. కానీ ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా "ఈ మాట రాసిందెవరు?" అని అడగలేదు నువ్వు. సినిమా పేరు అడుగుతావు, హీరో పేరు హింటుగా ఇస్తావు, సంవత్సరం చెప్తే శభాష్ అంటావు. 'ముత్యాలముగ్గు'లో కలాపోసన డైలాగ్ అనగానే కాంట్రాక్టరు వేషంలో రావు గోపాలరావు కళ్ళముందు నిలబడతాడు, నిలబడాల్సిందే, ఆయన చెప్పిన తీరు అలాంటిది. ఆ మాట ముళ్ళపూడి వెంకటరమణ కలంలోంచి వచ్చిందని చెప్తే మాత్రం నీ దగ్గర పావు పాయింటు కూడా రాదు. మావాడు ఊగిపోయే 'ఏమంటివి' రాసిన కొండవీటి వెంకటకవి పేరు, అన్నిసార్లు ఆ డైలాగ్ చెప్పిన మావాడికే తెలియదు. అడిగితే "ఎన్టీఆరే రాసుకుని ఉంటాడు" అన్నాడు.

హిందీ సినిమా రచయితల జంట సలీం-జావేద్‌లకి ఈ కష్టం ముందే తెలిసింది. 1973లో 'జంజీర్' పోస్టర్ల మీద తమ పేరు లేదని, మనిషిని పెట్టి మరీ పోస్టర్ల మీద పేర్లు పూయించారు. నీ లాంటి ఆట మీద పేరు పూయించుకోవాలంటే ఏ గోడ దొరుకుతుంది?

'మాయాబజార్' సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఎవరూ పుట్టించకపోతే మాటలెలా పుడతాయని ఘటోత్కచుడు నిలదీస్తాడు, మాట పుట్టించినవాడికి వీరతాడు వేయమంటాడు. మేమందరం ఎస్వీ రంగారావు అంటాం, 1957 అంటాం, ఒకడైతే గద ఊపి చూపిస్తాడు. ఆ మాటని పుట్టించిన పింగళి నాగేంద్రరావు పేరెత్తరు. మాటలు పుట్టించేవాడిని మెచ్చుకునే డైలాగ్‌లో కూడా ఆ డైలాగ్ పుట్టించినవాడిని వదిలేయడం ఎంత నేర్పుంటే సాధ్యమవుతుందో!

అందుకని ఈమధ్య మా గుంపులో ఒక సవరణ ప్రతిపాదించాను. సినిమా పేరుకి అర పాయింటు, మాటలు రాసినవాళ్ళ పేరుకి అర పాయింటు. ఒక్కసారిగా నిశ్శబ్దం. ఎప్పుడూ నాలుక మీదే ఉందనేవాడు కూడా నాలుక లోపలే పెట్టుకున్నాడు. కాసేపటికి ఒకడు తెలివిమీరి ఏ డైలాగ్ వేసినా "త్రివిక్రమ్" అనడం మొదలుపెట్టాడు. 'నువ్వు నాకు నచ్చావ్'కి అన్నాడు, కరెక్టే, దర్శకుడు విజయభాస్కర్ అయినా మాటలు ఆయనవే. ఆ ధైర్యంతో 'ముత్యాలముగ్గు'కీ అదే అన్నాడు, 'మాయాబజార్'కీ అదే అన్నాడు. 'మాయాబజార్' నాటికి ఆయన పుట్టనే లేదురా అంటే, "రచయితలు ముందే రాసి పెట్టుకుంటారు" అన్నాడు. వాడికి అర పాయింటు ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు, ఓటింగ్ జరగాల్సి ఉంది.

ఈ సవరణ నీ రూల్స్‌లో చేర్చేదాకా మా గుంపు తరఫున నీకు సహాయ నిరాకరణ ప్రకటిస్తున్నాను. అంటే ఆడతాం, కానీ మొహం మాడ్చుకుని ఆడతాం.

ఇట్లు,
'యావరేజ్' సినిమాల అభిమాని

తా.క.: ఎప్పుడూ మమ్మల్నే అడుగుతావు కదా, ఈసారి నువ్వు చెప్పు. ఆపరేషన్ థియేటర్ తలుపు మీద ఎర్ర లైటు ఆరుతుంది, డాక్టర్ కళ్ళజోడు తీస్తూ బయటికొస్తాడు, "ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం" అంటాడు. ఏ సినిమా? రాసిందెవరు? హింటులు లేవు, ఫోన్ తీస్తే ఊరుకోం.