మాంటెల్ గారికి ఒక మనవి

మహారాజశ్రీ ఫైర్‌ప్లేస్ మాంటెల్ గారి (అనగా చలి కాచుకునే గోడపొయ్యి నెత్తిన బిగించిన చెక్కపలక వారి) దివ్యసముఖమునకు,

షికాగో శివారు నుంచి, అనగా తమకెదురుగా ఉన్న సోఫా మీంచి, రెండు శాలువాలు కప్పుకున్న ఇల్లాలు చేయు విన్నపములు. ఉభయకుశలోపరి. తమరి వైపు కుశలమే. ఇటువైపు ముక్కు కారుతోంది.

శనివారం మధ్యాహ్నం మొత్తం తమరి సేవలోనే గడిచింది. క్రిస్మస్ గార్లండ్ (అదే, తోరణం) దింపాను, వేలాడదీసిన స్టాకింగ్స్ (పండగ మేజోళ్లు) మడతపెట్టాను, మెరుపుల పొడి ఊడ్చాను (సగం ఊడ్చాను, మిగతా సగం వచ్చే క్రిస్మస్‌కి కార్పెట్‌లోనే దొరుకుతుంది). జనవరి 6 దాటాక ఈ సరంజామా ఇంట్లో ఉంచితే అరిష్టమని ఇక్కడి పాతకాలం వాళ్ల నమ్మకం. ఇంకా పాతకాలంలో ఇంగ్లండులో ఫిబ్రవరి 2 దాకా పచ్చని కొమ్మలు అలాగే ఉంచుకునేవారట. మా వీధిలో అంత ఓపిక లేదు. ఎదురింటివారి క్రిస్మస్ చెట్టు ఎప్పుడో రోడ్డు పక్కన బోర్లా పడుంది. సరే, నేనూ తీసేశాను. తీసేసరికి తమరు బోసిపోయారు.

అక్కడ ఆగొచ్చు. చెక్కపలక బోసిగా ఉంటే కొంప మునగదు. కానీ తమరు పండగ పండగకీ కొత్త బట్టలు పెట్టించుకునే అల్లుడి లాంటివారు. ఆ అల్లుడైనా మూడు సంక్రాంతులకి పాతబడతాడు, తమరు పాతబడరు. అక్టోబర్‌లో గుమ్మడికాయలు, నవంబర్‌లో మొక్కజొన్న పొత్తులు, డిసెంబర్‌లో సాక్షాత్తూ శాంతాక్లాజ్. ఇప్పుడు పండగేమీ లేదు కదా అంటే, ఉందట: 'వింటర్ డెకార్'. చలికాలానికే ఒక అలంకారం. చలికాలం డిసెంబర్ 21న మొదలై మార్చి 20 దాకా ఉంటుంది కాబట్టి, క్రిస్మస్ చేసిన అప్పు తీరకముందే ఇంకో మూడు నెలల ముస్తాబు.

దీని శాస్త్రం నాకు అర్థమైనంతలో ఇదీ: క్రిస్మస్ లోంచి ఎరుపు తీసేస్తే మిగిలేది చలికాలం. పైన్‌కాయకి ఎర్ర రిబ్బను ఉంటే క్రిస్మస్, విప్పేస్తే వింటర్. జింక ముక్కు ఎర్రగా ఉంటే బేస్‌మెంట్‌కి, మామూలు ముక్కయితే ఇక్కడే కొలువు. మంచుబొమ్మ మెడలో ఉన్న మఫ్లర్ ఎరుపో మెరూనో తేల్చడానికి మావారినీ పిల్లనీ పిలిచి పంచాయితీ పెట్టాల్సి వచ్చింది. నక్షత్రం మాత్రం ఏ రంగులో ఉన్నా దోషే. స్నోఫ్లేక్‌కి దోషం లేదు.

దుకాణంలో వింటర్ సామాను ఎక్కడమ్మా అని అడిగితే, ఆ అమ్మాయి మూలనున్న తగ్గింపు ధరల అర చూపించింది. మిగతా అరలన్నిటికీ అప్పుడే వాలెంటైన్ గుండెలు వేలాడుతున్నాయి. దొరికినవి కొన్నాను: తెల్ల కొవ్వొత్తులు, మైనం పూత, లోపల బ్యాటరీ, పైన ఊగే ప్లాస్టిక్ జ్వాల. పైన్‌కాయలు గుచ్చిన తెల్ల గార్లండ్. ఒక సంచి ఉత్తుత్తి మంచు. అవును, డబ్బిచ్చి మంచు కొన్నాను. అప్పటికి డ్రైవ్‌వే మీద మోకాళ్ల దాకా ఉచితంగా ఉంది.

ఇంతవరకూ ఓర్చుకోవచ్చు. ఆ తర్వాత జరిగింది చూడండి.

అంతా సర్ది, ఫోటో తీసి, మా అక్కకి పంపి, సోఫాలో కూలబడ్డాను. అప్పుడే మావారు డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోసి లోపలికొచ్చారు. వేళ్లు నీలంగా ఉన్నాయి. గ్లవ్స్ తీసి, ఎవరైనా చేసే పనే చేశారు: గోడ మీద స్విచ్ నొక్కి ఫైర్‌ప్లేస్ వెలిగించారు.

కాసేపటికి మొదటి కొవ్వొత్తి వినయంగా తల వంచింది. రెండోది దాని భుజం మీద వాలింది. గార్లండ్‌కి గ్లూ గన్‌తో అంటించిన పైన్‌కాయలు ఒక్కొక్కటే టప్పు టప్పుమని నేలరాలాయి. చివరికి సంచి మంచు మీద కొవ్వొత్తి మైనం కారి, తమరి తెల్ల పెయింటు మీద ఒక ముద్ద కట్టింది. నేను పరిగెత్తుకెళ్లి స్విచ్ ఆపేశాను. 'ఆపండి, డెకరేషన్ పాడైపోతుంది!' అని అరిచాను. మావారు తన వేళ్ల వంకా డెకరేషన్ వంకా చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లి స్టౌ మీద చేతులు కాచుకున్నారు.

కాకినాడ నుంచి వచ్చి, మంకీ క్యాప్ లోంచి ఇదంతా చూస్తున్న మా అత్తయ్య మాత్రం ఊరుకోలేదు. 'పొయ్యి రాజేస్తే పాడైపోయేవి పొయ్యి మీదెందుకు పెట్టావమ్మాయ్?' అన్నారు.

మాంటెల్ గారూ, దీనికి జవాబు మీరు చెప్పాలి. నేను చెప్పలేకపోయాను.

మీ వంశచరిత్ర చూశాను. మీ పూర్వీకులు పనిమంతులు. మధ్యయుగాల్లో యూరప్ ఇళ్లలో మాంటెల్ అంటే పొయ్యి మీదకి ముందుకు వంగి, పొగని ఒడిసిపట్టి పొగగొట్టంలోకి పంపే కప్పు. రాత్రీ పగలూ మసి మింగి, ఇంట్లోవాళ్ల కళ్లు కాపాడిన ఘనులు వాళ్లు. ఆ వంశంలో పుట్టి తమరు చేస్తున్న ఉద్యోగం ఏమిటి? ప్లాస్టిక్ జింకని మొయ్యడం. ఈ దేశంలోనే 1740లలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, పొయ్యి వేడంతా చిమ్నీలోంచి వృథాగా పోతోందని బెంగపడి, ఇల్లు వెచ్చబడే ఇనపపొయ్యి ఒకటి తయారుచేశాడు. ఆయనకి తెలియనిదేమిటంటే, కొన్నాళ్లకి అసలు మంటే వెయ్యకుండా వేడి మొత్తం ఆదా చేసే పద్ధతి కనిపెడతారని.

పత్రికల్లో తమరి సోదరుల ఫోటోలు గమనించారా? ఎండుకొమ్మలు, దూది, ఊలు కుచ్చులు పొయ్యి నోటి దాకా వేలాడుతుంటాయి. పక్కన 'వెచ్చని మూల' అని రాసి ఉంటుంది. ఒక్క ఫోటోలోనూ మంట ఉండదు! లోపల తెల్ల బర్చ్ దుంగలు ముద్దుగా పేర్చి, వాటిమీద దీపాల తీగ వేస్తారు. మంట ఉంటే ఆ ఫోటో తీసినవాడు ముందు ఫైరింజన్‌ని పిలవాలి. వేడి పుట్టే చోటికి 3 అడుగుల దూరంలో కాలే వస్తువేదీ పెట్టకూడదని ఇక్కడి అగ్నిమాపకం వాళ్లు ఏటా నెత్తీ నోరూ బాదుకుంటారు. వాళ్ల మాట వింటే తమరి ముస్తాబు ఉండదు, తమరి మాట వింటే మాకు మంట ఉండదు.

ఇదే ఊళ్లో 2019 జనవరి 30న ఫారెన్‌హీట్ లెక్కలో మైనస్ 23 పడింది. పట్టాలు కలిసే చోట మంచు పేరుకోకుండా మెట్రా రైళ్లవాళ్లు పట్టాల పక్కన గ్యాస్ మంటలు పెట్టి మరీ రైళ్లు నడిపారు. అంటే ఈ ఊళ్లో ఇనప పట్టాకున్న యోగం నా కాళ్లకి లేదు. ఆ పట్టా మీద ఎవరూ గార్లండ్ వెయ్యలేదు మరి.

ఇంక గారూ గీరూ నా వల్ల కాదు. విను.

రేపో ఎల్లుండో భోగి. అత్తయ్య మనవరాలి చేత పిడకల దండ కట్టించాలని, కాకినాడ నుంచి పిడకలు తేనివ్వలేదని మా ఆయన మీద అలిగి, చివరికి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. 'ఇంట్లోనే పొయ్యి ఉందిగా, తెల్లారగట్ట అందులో వేసేద్దాం' అన్నారు. ఎలా వేస్తారు? ముందు అద్దం బిగించేసి ఉంటుంది. లోపలి దుంగలు సిరామిక్‌వి. మంట గ్యాస్‌ది. అందులో పిడక కాదు, అగ్గిపుల్ల కూడా వెయ్యకూడదు. కాలని కట్టెల మీద నువ్వు, నీ మీద వెలగని కొవ్వొత్తులు, వాటి చుట్టూ కరగని మంచు. కరగదన్నానా? ఆ మంచు మీద కారిన మైనం ముద్ద ఇంకా ఊడిరాలేదు. ఇన్ని లక్షలు పోసి కొన్న ఇంట్లో నిప్పుకో చోటుంది, ఆ చోటికో పీఠముంది, భోగి నాడు పిడక కాల్చుకోవడానికి మాత్రం గరాజ్ బయట మంచులో నిలబడాలి!

పాత సామాను భోగిమంటలో వేస్తారు కదా అని నీ వైపు అదోలా చూశానని నువ్వు అనుకుంటే, సరిగ్గానే అనుకున్నావు. ఇంటి లోను ఇంకా తీరలేదు కాబట్టి బతికిపోయావు.

నా షరతులు చెప్తున్నాను. ఈ ఉత్తరం ముగించి లేచి, నీ మీదున్నదంతా డబ్బాలో వేసి బేస్‌మెంట్‌కి పంపిస్తాను. ఎర్ర ముక్కు, మామూలు ముక్కు తేడా లేదు, జింకలన్నీ ఒకే డబ్బా. ఫిబ్రవరి 2న పెన్సిల్వేనియాలో వాతావరణ జోస్యం చెప్పే ఆ గ్రౌండ్‌హాగ్ (ఉడుత జాతి జంతువు) తన నీడ చూసుకుని ఇంకో ఆరు వారాలు చలి ఉందన్నా సరే, నీకు కొత్త బట్టల్లేవు. వాలెంటైన్ గుండెలు అసలే లేవు. స్విచ్ వేస్తాను, వేసే ఉంచుతాను. అత్తయ్య కుర్చీ నీ ముందుకి వస్తుంది. ఆవిడ కళ్లజోడూ జండూబామూ నీ మీద ఉంటాయి. నీ పెయింటు పసుపెక్కితే ఎక్కనీ.

ఇట్లు,
కాళ్లు చల్లబడ్డ నీ యజమానురాలు

తా.క.: అన్నీ తీసేశాను. స్విచ్ వేశాను. మావారు ముందొచ్చి కూర్చున్నారు, పిల్ల ఆయన ఒళ్లో చేరింది, నువ్వూ కాస్త మనిషిలో పడ్డట్టే ఉన్నావు. కానీ నువ్వు ఖాళీగా కనబడేసరికి అత్తయ్య సూట్‌కేసు తెరిచారు. ఎటికొప్పాక బొమ్మలు వరసగా బయటికొస్తున్నాయి. సంక్రాంతి బొమ్మల కొలువు నీ మీదేనట. 2025లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో శకటమెక్కిన బొమ్మల వంశం, అల్లాటప్పా జింకలు కావు. అంకుడు కర్ర మీద లక్క పూత. లక్క కూడా వేడికి మెత్తబడుతుందని ఆవిడకి నేను చెప్పలేను. ధైర్యముంటే నువ్వు చెప్పుకో.