లావుగా ఉన్నవాళ్ళకేనా బాధ్యత?

నేను సన్నగా ఉంటాను. నాకు షుగర్ ఉంది. మా పెద్దమ్మ కూతురు లావుగా ఉంటుంది. తనకు షుగర్ లేదు, బీపీ లేదు, కొలెస్ట్రాల్ కూడా హద్దులోనే ఉంది. ఇద్దరిదీ మదనపల్లె. ఇద్దరం ఉంటున్నది బెంగళూరులో, మారతహళ్ళిలో, రెండు వీధుల తేడాతో. అయినా ఆరోగ్యం గురించి, నోరు కట్టుకోవడం గురించి, బాధ్యత గురించి అందరూ క్లాసు పీకేది ఎప్పుడూ అక్కకే. నాకు దక్కేది జాలి.

మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష హెచ్‌బీఏ1సీ 7.4 అని నా రిపోర్టు వచ్చినప్పుడు మావాళ్ళు ఏమన్నారో చెప్తాను. "ఇంత సన్నగా ఉన్నవాడికి షుగరేంట్రా?" "ఆఫీసు టెన్షన్ అయ్యుంటుంది." "మీ నాన్నకుంది కదా, వంశంలోనే వచ్చింది, నువ్వేం చేస్తావ్." ఒక్కరు కూడా "అసలు నువ్వేం తింటున్నావు?" అని అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. అమెరికా వాళ్ళతో కాల్ ముగిసేసరికి రాత్రి పదకొండు, ఆ తర్వాత బిర్యానీ. సాయంత్రం ఆఫీసు కింద అయ్యంగార్ బేకరీలో ఆలూ బన్, దాంతోపాటు నిండా చక్కెర వేసిన టీ. లిఫ్టు చెడిపోయిన రోజు తప్ప మెట్లెక్కిన పాపాన పోలేదు. అక్క అలా కాదు. పొద్దున్నే కుందలహళ్ళి చెరువు దగ్గర నడిచొస్తుంది. బ్యాంకుకు డబ్బా కట్టుకుని వెళ్తుంది. బేకరీ మొహం చూడదు. చూసినా తింటే తనిష్టం, అది వేరే సంగతి.

వైట్‌ఫీల్డ్‌లో మా బంధువుల గృహప్రవేశానికి ఇద్దరం వెళ్ళాం. బంతిలో పక్కపక్కనే కూర్చున్నాం. బొబ్బట్లు వడ్డిస్తూ వచ్చిన పిన్ని నా విస్తట్లో మూడు వేసి, పైన నెయ్యి పోసి, "తిను నాన్నా, నీకేం తిన్నా ఒంటికి పట్టదు" అంది. అక్క దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. "నీకొకటి చాలు కదమ్మా, ఆరోగ్యం చూసుకోవాలి" అని అందరికీ వినిపించేలా చెప్పింది. షుగర్ ఉన్నవాడికి మూడు బొబ్బట్లు, లేనామెకు ఆరోగ్య సలహా! పిన్ని చెడ్డ మనిషి కాదు, నన్ను ఎత్తుకు పెంచింది. కానీ ఆవిడ చూసుకోమన్నది ఆరోగ్యాన్ని కాదు. కంటికి కనిపించే పొట్టని.

నా గోడు అంతా ఇదే. మనం బాధ్యత అని మాట్లాడేది ఆకారాన్ని బట్టే. రిపోర్టు ఎవరూ చూడరు.

సన్నగా ఉన్న భారతీయుడి గురించి పుణె డాక్టర్ యాజ్ఞిక్ ఎప్పుడో తన ఒంటినే ఉదాహరణగా చూపించారు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆయన, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్, ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క, ఒకటే, 22.3. ఫొటోలో ఇద్దరూ సన్నగానే ఉంటారు. కానీ కొలిస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మన జాతి లక్షణం ఇది. చేతులు కాళ్ళు పుల్లల్లా ఉంటాయి, కొవ్వంతా లోపల కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ చేరుతుంది. అందుకే ప్రపంచమంతా 25 దగ్గర అధిక బరువు, 30 దగ్గర ఊబకాయం అంటుంటే మన డాక్టర్లు 2009లోనే ఆ గీతల్ని 23కి, 25కి దించారు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ నడిపిన ఐసీఎంఆర్ సర్వే 2023లో బయటికొచ్చింది. దాని ప్రకారం బీఎంఐ లెక్కన ఊబకాయం ఉన్నవాళ్ళు 28.6 శాతం. నడుము కొలత లెక్కన చూస్తే 39.5 శాతం. ఆ మధ్య తేడాలో ఉన్నది నాలాంటివాళ్ళే. చొక్కా వదులుగా వేసుకుని తిరిగేస్తుంటాం, ఎవరూ ఏమీ అనరు.

అలాగని లావు వల్ల ఏ నష్టమూ లేదని నేను అనడం లేదు. మోకాళ్ళు అరుగుతాయి, నిద్రలో ఊపిరి ఆగుతుంది, షుగర్, గుండె జబ్బు అవకాశం పెరుగుతుంది. అదంతా నిజం. అక్కకు రిపోర్టులు ఇవాళ బాగున్నాయి కాబట్టి రేపూ బాగుంటాయని హామీ లేదు, ఆ సంగతి తనకు నా కంటే బాగా తెలుసు. పొద్దున్నే నడిచేది అందుకే. అక్కను నడవమని ఉచితంగా సలహా ఇచ్చేవాళ్ళలో తనంత నడిచేవాళ్ళు ఎంతమంది ఉన్నారని నా ప్రశ్న.

"అంతా మనసు గట్టిగా ఉండటంలోనే ఉంది, నోరు అదుపులో పెట్టుకుంటే ఎందుకు తగ్గరు?" అని అడిగేవాళ్ళకు ఒక లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 2015-16లో బీఎంఐ 25 దాటిన ఆడవాళ్ళు దేశంలో 20.6 శాతం. 2019-21 నాటికి 24. మగవాళ్ళు 18.9 నుంచి 22.9కి వెళ్ళారు. ఆంధ్రలో ఆడవాళ్ళలో 36 శాతం, తమిళనాడులో 40. ఆ నాలుగైదేళ్ళలో కోట్లమందికి ఒక్కసారిగా మనసు బలహీనపడిందా? ఒకేసారి అంతమంది సోమరులయ్యారా? మనుషులు వాళ్ళే. చుట్టూ ఉన్నది మారింది.

బెంగళూరులో ఆ మారినదాన్ని వెతకనక్కర్లేదు. పొద్దున ఔటర్ రింగ్ రోడ్ ఎక్కినవాడు సిల్క్ బోర్డు చేరేలోపు సీట్లోనే ఒక పూట గడిచిపోతుంది. నడుద్దామంటే ఫుట్‌పాత్ ఉండదు. ఉన్నచోట మెట్రో కోసం తవ్విన గుంత ఉంటుంది, లేదా దానిమీదే బండి పార్క్ చేసి ఉంటుంది. పీజీల్లో ఉండే మన పిల్లల్ని చూడండి, మూడు పూటలా పెట్టేది అన్నం, పూరీ, బంగాళాదుంప. పప్పు నీళ్ళలా ఉంటుంది. కూరగాయ ముక్క కావాలంటే దుర్భిణీ పెట్టి వెతకాలి. రాత్రి ఒంటిగంటకు ఆకలేస్తే పండు దొరకదు గానీ ఫోన్‌లో నొక్కితే బర్గర్ గుమ్మం ముందుకొస్తుంది. ఇంటింటికీ తిండి చేరవేసే స్విగ్గీ పుట్టింది కూడా ఇక్కడే, 2014లో. ఇక మన ఆంధ్రా భోజనం హోటళ్ళ గురించి నేను చెడుగా చెప్పలేను, ప్రాణం లేచొస్తుంది. కానీ అన్నానికి లెక్కలేదు, పొడికీ నెయ్యికీ లెక్కలేదు అన్నచోట కూర్చున్నవాణ్ణి "నువ్వెందుకు లెక్క పెట్టుకోవు?" అని నిలదీయడం ఏం న్యాయం? మన ఇళ్ళలో మాత్రం? కొసరి కొసరి వడ్డిస్తారు, వద్దంటే అలుగుతారు, తిన్నాక "కాస్త ఒళ్ళు చేసినట్టున్నావే" అంటారు. ముందు ఆ రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోండి.

2025 ఫిబ్రవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో ఊబకాయం గురించి మాట్లాడి, నూనె పది శాతం తక్కువ వాడమన్నారు. మంచి మాటే. మా ఇంట్లో కూడా తగ్గించాం. అయితే ఇంటి మూకుడుకు చెప్పినంత గట్టిగా ఫ్యాక్టరీ పొట్లానికి కూడా చెప్పాలి కదా. చిలీ దేశం 2016లోనే చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ల మీద నల్లటి ముద్ర వేయించింది. చదవడం రాని పిల్లాడికి కూడా అర్థమవుతుంది. మన దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో ప్యాకెట్లకు స్టార్లు ఇచ్చే ముసాయిదా తెచ్చింది. హెచ్చరిక కావాల్సినచోట స్టార్లట!

ఇక వంశం సంగతి. నా షుగర్‌కు వంశం సాకుగా ఒప్పుకున్నవాళ్ళే అక్క బరువుకు ఒప్పుకోరు, చిత్రం చూడండి. డెన్మార్క్‌లో దత్తత వెళ్ళిన 540 మంది మీద స్టన్‌కార్డ్ అనే ఆయన చేసిన అధ్యయనం 1986లో వచ్చింది. వాళ్ళు పెద్దయ్యాక బరువు కన్నవాళ్ళను పోలి ఉంది. పెంచినవాళ్ళతో సంబంధమే కనిపించలేదు. అన్నం పెట్టింది ఒకరు, ఒళ్ళు ఇచ్చింది ఇంకొకరు. తగ్గడం సంగతీ అంతే. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత కెవిన్ హాల్ బృందం పరీక్షించింది, 2016లో ఫలితాలు వచ్చాయి. చాలామందికి తగ్గిన బరువులో చాలాభాగం తిరిగొచ్చింది. అదొక్కటే అయితే మనవాళ్ళు "చూశారా, మళ్ళీ తిన్నారు" అనేవాళ్ళు. కానీ ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ళ ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగా ఉంది. ఆరేళ్ళయినా ఒళ్ళు పాత బరువుకే లాగుతోందన్నమాట. అక్క కిందటేడు బాగా తగ్గింది, మళ్ళీ కొంత పెరిగింది. తగ్గినప్పుడు "ముఖం పీక్కుపోయింది, ఏమైనా జబ్బా?" అన్నవాళ్ళే పెరిగినప్పుడు "వదిలేశావా?" అన్నారు.

నాకు అర్ధాకు అన్నం తింటే కడుపు నిండిపోతుంది. ఇంకా తినాలనే అనిపించదు. చిన్నప్పటి నుంచీ అంతే. జనం దాన్ని నా క్రమశిక్షణ అనుకుంటారు. క్రమశిక్షణ ఏం కాదు, నాకు ఆకలి అలా తక్కువిచ్చాడు దేవుడు. 2025 మార్చిలో షుగర్‌కూ బరువు తగ్గడానికీ వాడే మౌంజారో సూది మన దేశానికి వచ్చాక ఈ విషయం ఇంకా తేటతెల్లమైంది. పేగుల నుంచి మెదడుకు "ఇక చాలు" అని చెప్పే హార్మోన్లను ఆ మందు అనుకరిస్తుంది. మా ఆఫీసులో అది వాడుతున్న ఒకాయన "రోజంతా బుర్రలో తిండి గురించే మోగుతుండేది, అది ఆగిపోయింది" అన్నాడు. మానేస్తే చాలామందికి బరువు మళ్ళీ పెరుగుతుంది కూడా. మరి అది మనసు బలమే అయితే వారానికొక సూదితో ఎలా వచ్చింది, సూది ఆపగానే ఎటు పోయింది? వచ్చిన కొత్తలో 5 మిల్లీగ్రాముల వయల్ 4,375 రూపాయలు, వారానికొకటి. ఆ డబ్బు పెట్టి, వాంతులు భరించి వాడుతున్న మనిషిని వెనకాల "షార్ట్‌కట్" అంటున్నారు. కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి షార్ట్‌కట్‌లో చదువుతున్నాడంటామా? నేను రోజూ మింగే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌ను ఇంతవరకూ ఎవరూ షార్ట్‌కట్ అనలేదు.

మరి బాధ్యతే లేదా అంటే, ఉంది. నా బేకరీ టీ మానడం నా బాధ్యత, మానాను. నడక మొదలుపెట్టాను, రాత్రి అన్నం తగ్గించాను. నా ఒళ్ళు నేను చూసుకోవాలి, అక్క ఒళ్ళు అక్క చూసుకోవాలి. పక్కవాడి ఒంటిమీద కాపలా కాయడం మాత్రం ఎవరి బాధ్యతా కాదు. పెళ్ళిచూపుల్లో "అమ్మాయి బాగుంది గానీ కాస్త..." అని సగంలో ఆపే అత్తలకు, లిఫ్టులో ఓవర్‌లోడ్ బెల్ మోగగానే వెనక్కి తిరిగి అక్కనే చూసే మగమహారాజులకు నేను చెప్పేది ఇదే.

మాటలు పడటం ఒక ఎత్తు, డాక్టర్ దగ్గర జరిగింది ఇంకో ఎత్తు. అక్కకు కొన్నాళ్ళు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, కళ్ళు తిరిగేవి. మా ఏరియాలోనే ఒక డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన స్టెతస్కోప్ కూడా పెట్టకుండా "బరువు తగ్గండి, అదే పోతుంది" అని డైట్ కాగితం ఇచ్చి పంపించాడు. అక్క నమ్మింది. ఇంకా తక్కువ తిన్నది. నీరసం ఇంకా పెరిగింది. తర్వాత వేరే డాక్టరమ్మ రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8. ఆడవాళ్ళకు 12 ఉండాలి. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. ఆయాసమని వచ్చిన ఏ ఆడమనిషికైనా మొదట చేయించాల్సిన పరీక్ష అది, ఖర్చు కూడా పెద్దగా కాదు. లావుగా ఉన్న మనిషికి రక్తం తక్కువుంటుందని ఆయనకు తట్టలేదు. అక్క సన్నగా ఉండి ఉంటే మొదటి రోజే రాసేవాడు. ఐరన్ మొదలుపెట్టాక ఆయాసం పోయింది, బరువు అంతే ఉంది. ఇది జరిగాక అక్క చాలాకాలం డాక్టర్ దగ్గరికి వెళ్ళడమే మానేసింది. గొంతునొప్పికి వెళ్ళినా బరువు మిషన్ ఎక్కిస్తారని. ఇలా ఎంతమంది మానేసి ఇంట్లో కూర్చున్నారో!

2025 జనవరిలో లాన్సెట్ వాళ్ళ కమిషన్ కూడా బీఎంఐ ఒక్కటే చూసి జబ్బు ఉందని చెప్పొద్దంది. నడుము కొలవండి, అవయవాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడండి అంది. ఇదే మాట మా ఆఫీసు హెచ్ఆర్‌కు చెప్పాను. క్యాంటీన్‌లో అందరి ముందూ బరువు తూచే కార్యక్రమం మానేసి, సన్నా లావూ తేడా లేకుండా అందరికీ హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్ చేయించండి, నాలాంటి కేసులు ఇంకా బయటపడతాయి అన్నాను. "మంచి ఐడియా సార్, చూద్దాం" అంది ఆ అమ్మాయి. నిన్న మెయిల్ వచ్చింది. మళ్ళీ బరువు తగ్గే పోటీయే. "ఇప్పటికే ఫిట్‌గా ఉన్నవాళ్ళు" టీమ్‌లకు కోచ్‌లుగా ఉండాలట. మా టీమ్‌కు కోచ్‌గా నా పేరు రాశారు.