కొండెక్కమనే ముందు కుర్చీలోంచి లేవడం నేర్పండి

పొద్దున్నే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకామె అడిగింది. డిగ్రీ అయిపోయిన కూతురు నెలల తరబడి గది దాటి రావడం లేదంట, డిప్రెషన్ అన్నారంట, మందులు వాడుతోందంట. ఇంట్లోనే కాస్త ఒళ్ళు కదిలించేదానికి ఏం చేయించాలో తెలిసినవాళ్ళు చెప్పండి అని. తిరుపతిలో ఒక తల్లి అంతమంది ముందు ఆ మాట రాయడానికి ఎంత గుండెదిటవు కావాలో ఆలోచించండి. నిమిషం గడవలేదు, ఒక పెద్దాయన జవాబు: "నాలుగు శనివారాలు అలిపిరి మెట్లెక్కించమ్మా, అంతా దిగిపోతుంది. ఈ కాలం పిల్లలకు బద్ధకం." దాని కింద వరసగా దండాలు. ఆమె మళ్ళీ నోరెత్తలేదు.

ఒళ్ళు మండిపోతోంది నాకు.

అలిపిరి దారిలో 3550 మెట్లు. గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కుడు, పైన ఇంగ మోకాళ్ళ మెట్టు ఉండనే ఉంది. దేవుడి మీద భక్తి వేరే మాట, దాన్ని ఎవరూ కాదనరు. నెలల తరబడి మంచం మీదే ఉన్న పిల్ల సంగతి మాట్లాడుతున్నాం ఇక్కడ. పడుకునే ఉంటే తొడ కండలు కరిగిపోతాయి. స్నానాల గదికి పోయి వచ్చేసరికే గుండె దడదడలాడుతుంది. అది బద్ధకం కాదయ్యా, ఒంట్లో సత్తువ పోవడం. దానికి తోడు డిప్రెషన్ అనేది 'చేద్దాం' అనే ఊపునే ముందు తినేస్తుంది. ఆ పిల్లను మెట్ల దగ్గర నిలబెడితే ఏమవుతుంది? నూరు మెట్లకే ఆయాసం, కళ్ళు తిరగడం, అందరి ముందు కూలబడటం. 'నేను దేనికీ పనికిరాను' అని ఆ జబ్బు లోపల చెబుతున్న మాటకు మీరే సాక్ష్యం తెచ్చి ఇచ్చినట్టు. ఆ తర్వాత గది తలుపు ఇంకా గట్టిగా మూసుకుంటుంది.

ఇంకొకాయన రోజుకు పదివేల అడుగులన్నాడు. ఆ పదివేలు ఏ డాక్టరూ లెక్కగట్టింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కబెట్టే మిషన్ అమ్ముకోవడానికి పెట్టిన పేరు అది. అరవై ఏళ్ళుగా జనం దాన్ని పట్టుకొని వేలాడుతున్నారు. రెండొందల అడుగులు వేసిన మనిషి ఆ లెక్క చూసి, ఇంకెంత ఉందో తలచుకొని మళ్ళీ పడుకుంటుంది.

ఆ తల్లికి చెప్పాల్సింది ఇది. డైనింగ్ కుర్చీ ఒకటి తీసుకోండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, టైల్స్ మీద జారుతుంది. చక్రాల కుర్చీ అసలే వద్దు. కుర్చీ వీపు గోడకు ఆనించి పెట్టండి. కూర్చునే చోటు మోకాలి ఎత్తుకు రావాలి, పదిహేడు పద్దెనిమిది అంగుళాలు. కాళ్ళలో బలం లేకపోతే దుప్పటి మడిచి వేసి ఎత్తు పెంచండి, ఎత్తు పెరిగేకొద్దీ లేవడం తేలిక. ముందుకు జరిగి అంచున కూర్చోవాలి. పాదాలు మోకాళ్ళకన్నా కొంచెం వెనక్కి లాక్కోవాలి. నిండా మంది ఇక్కడే తప్పు చేస్తారు: పాదాలు ముందుకు చాచి లేవబోతారు, లేవలేరు, మోకాలు పట్టేస్తుంది, 'నా మోకాళ్ళు పోయాయి' అని మానేస్తారు. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, మడమలతో నేలను తొక్కి, ఊపిరి వదులుతూ లేవాలి. ఊపిరి బిగబడితే బీపీ పెరుగుతుంది. కూర్చునేటప్పుడు ధబ్బున పడకూడదు, మూడు లెక్కబెడుతూ దిగాలి. కండకు ఆ దిగడంలోనూ బాగా పని పడుతుంది. మోకాళ్ళు లోపలికి వాలిపోతున్నాయేమో ఎదురుగా నిలబడి చూడండి. ఐదు సార్లు చాలు. నిమిషం ఆగి, చేతనైతే ఇంకో ఐదు. మొదటి వారం అంతకు మించి ఒక్కటి కూడా వద్దు.

ఇది కూడా కష్టమైన వాళ్ళుంటారు. వాళ్ళు పడకమీదే పాదాలు పైకీ కిందికీ పదిసార్లు ఆడించి, లేచి మంచం అంచున ఒక నిమిషం కూర్చొని అప్పుడు నిలబడాలి. డిప్రెషన్ మందుల్లో కొన్నింటికి గబుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఆ ఒక్క నిమిషం ఆగక బాత్రూం గడప దగ్గర పడి తుంటి విరగ్గొట్టుకునే పెద్దవాళ్ళు ఎందరో.

ఎప్పుడు చేయించాలి? తెల్లారకముందే మబ్బులో లేపి చేయించకండి. చాలామందికి పొద్దున పూటే మనసు మరీ బరువుగా ఉంటుంది, సాయంత్రానికి కొంత తెరిపి. ఏ పూట తక్కువ కష్టమో ఆ పూట. మూడ్ వచ్చాక చేద్దామని కూర్చుంటే రాదు. ముందు పని, తర్వాత మూడ్. దీన్నే బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు, డిప్రెషన్‌కు చేసే చికిత్సే ఇది. అందుకే కొత్త టైం వెతక్కుండా రోజూ ఎలాగూ జరిగే పనికి తగిలించాలి. పాలు పొంగేలోపు వంటగట్టు పట్టుకొని మడమలెత్తి దించడం ఎనిమిది సార్లు. కాఫీ గ్లాసు కింద పెట్టగానే హాల్లో ఆ గోడకూ ఈ గోడకూ రెండు నిమిషాల నడక. తడి గచ్చు మీద మాత్రం వద్దు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంతే వేగం. పొద్దు వాలినాక మిద్దె మీదికి పోగలిగితే మంచిదే. ఎండాకాలంలో పొద్దున తొమ్మిది దాటాక మిద్దె ఎక్కనే కూడదు.

ఇంగ, తేలిగ్గా ఉన్న రోజే అన్నిటికన్నా ప్రమాదం. ఆ రోజు ఇంట్లోవాళ్ళు సంబరపడి ముప్పావు గంట నడిపిస్తారు. మర్నాడూ ఆ మర్నాడూ తొడలు పట్టేసి మూడురోజులు మంచం దిగదు. మంచి రోజు రెట్టింపు చేయించకండి, చెడ్డ రోజు సున్నాకు దిగనివ్వకండి. కుర్చీలోంచి ఒక్కసారి లేచినా ఆ రోజు లెక్కలో పడినట్టే. వారం అంతా అదే మోతాదు ఇబ్బంది లేకుండా జరిగితేనే ఒక నిమిషమో రెండు సార్లో పెంచాలి. కండ నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది, ఫర్వాలేదు. కీలు వాచినా, పొడిచినట్టు నొప్పి వచ్చినా ఆపాలి. ఛాతీలో బరువైతే వెంటనే ఆస్పత్రి.

ఆ పెద్దాయన సరే, చదువుకున్న డాక్టర్ల మీద నాకు ఇంతకన్నా పాత కోపం ఉంది. మాత్రకు ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, తిన్నాకా తినకముందా అని అన్నీ రాస్తారు. అడుగున 'వాకింగ్' అని ఒక్క ముక్క. ఎన్ని నిమిషాలు? ఎక్కడ? కుక్కలూ బండ్లూ తప్ప మనిషి నడిచే చోటు లేని సందులోనా? ఒంటరిగా పోలేని ఆడపిల్ల ఎవరి తోడుతో? ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాలు అంటుంది, నిజమే. అదే సంస్థ, పది నిమిషాలకు తక్కువైతే లెక్కలోకి రాదన్న పాత నిబంధనను 2020లో తీసేసింది, ఎంత తక్కువసేపైనా లెక్కే అంది. ఆ సగం మాట రోగికి ఎవరూ చెప్పరేం? లిథియం అనే మందు వాడేవాళ్ళకు చెమట బాగా పట్టి నీళ్ళు తక్కువైతే రక్తంలో ఆ మందు పెరిగి విషమవుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలడం మొదలవుతాయి. మన ఎండలకు ఈ ముక్క చీటీ మీద పెద్దక్షరాలతో ఉండాలి. థైరాయిడ్, రక్తహీనత, బి12 పరీక్షలు చేయించకుండానే 'నీరసం మనసుదే' అని పంపేవాళ్ళ గురించి ఏం చెప్పాలి!

కాస్త నడవడం మొదలుపెట్టగానే 'బాగైపోయింది కదా, మాత్రలెందుకు' అని అత్తగారో మేనమామో డబ్బా దాచేస్తారు చూడండి, దాన్ని మాత్రం క్షమించలేను. ఆ మందులు పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. హఠాత్తుగా ఆపితే తల తిరుగుడు, నిద్ర పట్టకపోవడం, జబ్బు తిరగబెట్టడం. తగ్గించాలంటే రాసిన డాక్టరే తగ్గించాలి. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యం ఓపీ ఉంది, పోయి అడగండి. బతకాలని లేదని ఆ పిల్ల ఒక్క మాట అన్నా వ్యాయామం సంగతి పక్కన పెట్టి, ఒంటరిగా వదలకుండా అప్పుడే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అది, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.