ఏడాదిన్నర డీఎడ్ చేసినవాడి మాట

చిన్న తరగతుల టీచర్ల శిక్షణ కోర్సు డీఎడ్‌కు రెండేళ్లు ఎందుకు, తొందరగా ముగించే దారి ఉండాలి అని ఒకరు రాశారు. ఆ దారిలో నడిచినవాడిని నేను. కావలి దగ్గర ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ 2017లో ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) 18 నెలల డీఎడ్ కోర్సులో చేరాను. పగలు బడి, రాత్రి అసైన్‌మెంట్లు, సెలవురోజున క్లాసులు. పూర్తయింది, సంతోషించాం. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఇది రెండేళ్ల డీఎడ్‌తో సమానం కాదంది. ఏడాదిపాటు టెన్షనే! 2017 ఆగస్టు 10 నాటికి పనిలో ఉండి, 2019 ఏప్రిల్ 1 లోపు కోర్సు ముగించినవాళ్లకు చెల్లుతుందని 2024 డిసెంబరులో అదే కోర్టు చెప్పాక ఊపిరి పీల్చుకున్నా. 2017 జూన్‌లోనే బడిలో చేరడం నా అదృష్టం. మా చెల్లెలు మాత్రం పల్లిపాడు డైట్‌లో (ప్రభుత్వ టీచర్ల శిక్షణ సంస్థలో) నిదానంగా రెండేళ్లు చదివింది. ఒకటో తరగతి పిల్లాడి చేత పలక మీద 'అ' ఎలా దిద్దించాలో నేను నేర్చుకుంది కోర్సులో కాదు, చెల్లెలి దగ్గరే.