ఫ్లాష్ ఏడీసీ గీసినంత తేలిక కాదు
ఏడీసీల (వోల్టేజిని అంకెల్లోకి మార్చే సర్క్యూట్ల) మీద వచ్చిన ఒక వ్యాసంలో, రెసిస్టర్లు, కంపారేటర్లు (రెండు వోల్టేజిల్లో ఏది ఎక్కువో చెప్పేవి) వరసగా పెట్టేస్తే చాలు, కొత్తవాళ్లకు అన్ని మెట్లనీ ఒకేసారి పోల్చే ఫ్లాష్ ఏడీసీయే అన్నిటికంటే తేలిక అన్నారు. కాగితం మీదైతే నిజమే. డిప్లొమాలో ఉండగా గుంటూరులో మా రూమ్‌లో 3 బిట్లది బ్రెడ్‌బోర్డు మీద కట్టాం. 8 రెసిస్టర్లు, 7 కంపారేటర్లు, అంటే రెండు ఎల్ఎం339 ఐసీలు (ఒక్కోదాంట్లో నాలుగు కంపారేటర్లు, ఒకటి మిగిలిపోతుంది). 5 వోల్టుల్ని ఎనిమిది భాగాలు చేస్తే మెట్టుకు 0.625 వోల్టులు. పాట్ (ఇన్‌పుట్ వోల్టేజి మార్చే నాబ్) తిప్పుతుంటే, కంపారేటర్‌కొకటి పెట్టిన ఎల్ఈడీల్లో కింది ఐదూ బుద్ధిగా వెలిగాయి, పై రెండూ మాత్రం ఇష్టం వచ్చినట్టు ఆడాయి. వైరు లూజేమోనని రెండు రాత్రులు పీకాం, గుచ్చాం. తీరా డేటాషీట్ చూస్తే, ఆ ఐసీకి ఇన్‌పుట్ సప్లై కంటే 1.5 వోల్టులైనా తక్కువ ఉండాలట. 5 వోల్టుల సప్లైకి 3.5 దగ్గరే దాని హద్దు. మా పై మెట్లు 3.75, 4.375! ఐసీకి 9 వోల్టులిచ్చి, అవుట్‌పుట్ పుల్-అప్‌లు (అవుట్‌పుట్‌ను సప్లైకి కలిపే రెసిస్టర్లు) మాత్రం 5 వోల్టులకే ఉంచాం, దారికొచ్చింది. ఈ సంగతి వ్యాసంలో ఒక్క ముక్కయినా ఉండాల్సింది. పైగా ఇదే పద్ధతిలో 8 బిట్లంటే 255 కంపారేటర్లు కావాలి. నన్నడిగితే పిల్లలతో ముందు ఒక కంపారేటర్, ఒక కౌంటర్, ఆర్-2ఆర్ ల్యాడర్‌తో (అంకెను తిరిగి వోల్టేజిగా మార్చే రెసిస్టర్ల నిచ్చెన) చేసే ర్యాంప్ రకం కట్టించాలి, అంటే కౌంటర్ లెక్కపెడుతుంటే వోల్టేజి మెట్టుమెట్టుగా పెరిగి ఇన్‌పుట్‌ను అందుకునేది. నిదానమే, కానీ కళ్లముందు లెక్క కనబడుతుంది.