మనం మందు కొడతాం, ఇంగ్లిష్‌లో మందే మనిషిని కొడుతుంది

తాగి పడిపోయినవాణ్ణి ఇంగ్లిష్‌లో ఏమంటారో చూడండి: హ్యామర్డ్, స్మాష్డ్, ప్లాస్టర్డ్. ఒకణ్ణి సుత్తితో బాదారు, ఒకణ్ణి ముక్కలు చేశారు, ఇంకొకడికి గోడకి పూసినట్టు ప్లాస్టరింగ్ చేశారు. మనవాడు మందు కొడతాడు, పెగ్గు వేస్తాడు, ఫుల్లుగా పట్టిస్తాడు, చేసేదంతా వాడే. అక్కడ మాత్రం తాగినవాడు పాపం ఏమీ చేయడు, అన్నీ వాడికి జరిగిపోతాయి. తెల్లారాక ఇంట్లో సంజాయిషీ చెప్పుకోడానికి ఇంతకంటే అనువైన వ్యాకరణం ఉండదు.

పాత మాటల మూలాలు వెతికితే కొన్ని ఓడల్లో తేలతాయి. 'త్రీ షీట్స్ టు ది విండ్' అన్నదాంట్లో షీట్ అంటే తెరచాప అనుకుంటారు చాలామంది. నిజానికి అది తెరచాప కింది మూలకి కట్టి, చాపని అదుపులో పెట్టే తాడు. ఆ తాడు జారితే చాప గాలికి టపటపా కొట్టుకుంటుంది, ఓడ తూలుతుంది. అలాంటి తాళ్లు మూడు ఒకేసారి వదిలేస్తే ఎలా ఉంటుందో, రాత్రి పదింటికి వైన్ షాపు ముందు బండి తాళం చేతిలోనే పెట్టుకుని జేబులన్నీ తడుముకునేవాణ్ణి చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

'గ్రాగీ' కథ ఇంకా బాగుంటుంది. 1740లో బ్రిటిష్ అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్, నావికులు రోజూ తాగే రమ్ములో ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్లు కలపమని ఆర్డర్ వేశాడు. ఆయన గ్రోగ్రామ్ అనే ముతక గుడ్డతో కుట్టిన కోటు వేసుకునేవాడట, అందుకని వెనకాల 'ఓల్డ్ గ్రాగ్' అనేవాళ్లు. కోపమో వెటకారమో, ఆ నీళ్ల రమ్ముకి 'గ్రాగ్' అని ఆయన పేరే తగిలించారు, అది తాగి తూలేవాడు గ్రాగీ అయ్యాడు. మత్తు తగ్గిద్దామనుకున్న పెద్దమనిషి పేరే మత్తుకి అంటుకుంది! ఆ రమ్ము రేషన్ మాత్రం 1970 జూలై 31 దాకా నడిచింది.

1737లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అమెరికాలో తన పత్రికలో తాగినవాణ్ణి అనే ఇలాంటి మాటలు రెండొందలకు పైగా అచ్చేశాడు. 'చుక్కాని పోగొట్టుకున్నాడు', 'బార్బడోస్ వెళ్లొచ్చాడు' లాంటివి అందులో ఉన్నాయి. బార్బడోస్ రమ్ముకి పేరుపడ్డ దీవి కాబట్టి అది అర్థమవుతుంది.

అలాగని ప్రతి మాటకీ ఒక కథ ఉంటుందనుకోవడం పొరపాటు. మందు మానేసినవాణ్ణి 'ఆన్ ది వ్యాగన్' అంటారు కదా, లండన్‌లో ఉరికి తీసుకెళ్లే ఖైదీల బండి నుంచి వచ్చిందని ఇంటర్నెట్టంతా చెప్తుంది. ఉత్త కట్టుకథ. అమెరికాలో దుమ్ము లేవకుండా వీధుల్లో నీళ్లు చల్లే బండి అది, ఇక నీళ్లే తాగుతానని ఒట్టు పెట్టుకున్నవాడు దాన్ని ఎక్కినట్టు లెక్క. కొత్త మాటల్లో చాలావాటికి అసలు చరిత్రే అక్కర్లేదు. బ్రిటన్‌లో ఏ నామవాచకానికైనా చివర 'డ్' తగిలించి, ముందు 'టోటల్లీ' పెట్టి శనివారం రాత్రి అంటే చాలు, తాగాడని వినేవాడికి అర్థమైపోతుంది.

మనవాళ్లకి పనికొచ్చేది ఒకటుంది. 'పిస్డ్' అంటే బ్రిటన్‌లో తాగున్నాడని, అమెరికాలో కోపంగా ఉన్నాడని. మేనేజర్ 'పిస్డ్' అని కొలీగ్ మెసేజ్ పెడితే, డల్లాస్‌లో ఉన్నవాడు లీవు అడగడం రేపటికి వాయిదా వేసుకోవాలి. లండన్‌లో ఉన్నవాడు ఇప్పుడే అడిగేయొచ్చు.