గ్రూపు తరలింపు: ఒక సవినయ ప్రతిపాదన

ఒకరు రాసిన ఉత్తరం సభ్యులందరికీ ఈమెయిల్‌లో చేరే మెయిల్ గ్రూపుకు ప్రాణం ఉందో లేదో తెలుసుకోవాలంటే దాన్ని నడిపే మోడరేటర్ గారు ఒక్క ఉత్తరం రాస్తే చాలు: "మిత్రులకు నమస్కారం. మన గ్రూపును కొత్త సర్వీసుకు మార్చాలనుకుంటున్నాము. అభ్యంతరాలుంటే తెలియజేయగలరు." నిన్నటిదాకా ఎవరు ఎంత కష్టపడి వ్యాసం రాసి పంపినా ఉలకని పలకని సభ్యులందరూ గంట తిరక్కుండానే గొంతు సవరించుకుంటారు. ఉన్నచోట ఏం లోటు వచ్చిందని ఒకరు నిలదీస్తారు. ఎప్పుడో మారి ఉండవలసిందని మరొకరు వాపోతారు. తాను ఈ గ్రూపులో ఉన్న సంగతే ఈ ఉత్తరం చూశాక తెలిసిందనీ, వెంటనే తన పేరు తొలగించాలనీ ఇంకొకరు అందరికీ వెళ్ళేలా రాస్తారు. "నాదీ తీసేయండి" అని మరో నలుగురు, అదీ అందరికీ. ఒక పెద్దమనిషి ఆనాటి ఉత్తరాలన్నీ ఒక్క కట్టగా వచ్చే డైజెస్టు మొత్తాన్ని కింద ఉంచి, దాని నెత్తిన "పై అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను" అని రాస్తారు. ఆయన వాక్యానికి పైన ఏమీ ఉండదు.

ఇంతటి చైతన్యాన్ని వృథా కానివ్వరాదన్నదే నా వాదన.

తరలింపులో మనకు అనుభవం లేదని ఎవరూ అనలేరు. 1997లో మార్క్ ఫ్లెచర్ అనే అమెరికన్ ఇంజనీరు మెయిల్ గ్రూపులు నడిపే వన్‌లిస్ట్ అనే సర్వీసు స్థాపించాడు. 1999లో అది అలాంటిదే అయిన ఈగ్రూప్స్‌లో కలిసింది. 2000లో ఈగ్రూప్స్‌ను యాహూ కొన్నది. గ్రూపులన్నీ అక్కడే కాపురం పెట్టి, ఛందస్సు నుంచి చింతకాయ పచ్చడి దాకా సమస్త విషయాలపైనా పోట్లాడుకుంటూ హాయిగా ఉండగా, 2019 అక్టోబరులో యాహూ పాత ఉత్తరాలనూ ఫైళ్ళనూ తీసేయబోతున్నామని ప్రకటించింది. మొదట డిసెంబరు 14 అన్నారు. గోల పెరిగాక 2020 జనవరి 31 దాకా గడువిచ్చారు. ఆ ఏడాది డిసెంబరు 15న మొత్తం దుకాణమే కట్టేశారు. అప్పుడు మూటాముల్లె సర్దుకుని గ్రూపులు పరుగెత్తిన చోట్లలో ఒకటి గ్రూప్స్.ఐఓ. 2014లో దాన్ని స్థాపించినవాడు ఆ ఫ్లెచరే. ఇరవై ఏళ్ళు తిరిగి ఆయన గుమ్మానికే చేరి, కొత్త సర్వీసుకు మారామని చాలామంది ఒకరినొకరు అభినందించుకున్నారు.

ఎక్కడికీ కదలకుండా ఉన్నవారికి మాత్రం భద్రత దొరికిందా? 2014 ఏప్రిల్‌లో, దొంగ ఉత్తరాలను అరికట్టడానికి, తన చిరునామాతో వచ్చే మెయిలు తన సర్వర్ల నుంచి వచ్చినట్టు రుజువు కాకపోతే తిప్పికొట్టమని యాహూ లోకానికి చాటింది. గ్రూపు ద్వారా వెళ్ళే ఉత్తరం గ్రూపు సర్వరు నుంచి వెళ్తుంది గనుక దానికి ఆ రుజువు నిలవదు కదా! యాహూ సభ్యుడు రాసిన ఉత్తరాన్ని జీమెయిల్ తిప్పికొట్టేది. తిరిగొచ్చిన ఉత్తరాలను లెక్కపెట్టిన గ్రూపు సాఫ్ట్‌వేరు, జీమెయిల్ సభ్యుడి చిరునామాయే చెడిపోయిందని తీర్మానించి ఆయనను పక్కన పెట్టేది. రాసినవాడు క్షేమం, చదివేవాడికి బహిష్కారం! అయితే అలా మాయమైనవారి కోసం ఎవరూ బెంగపడిన దాఖలా లేదు. వారు ఉన్నప్పుడూ మాట్లాడేవారు కాదు.

ఇక పాత ఉత్తరాల సంగతి. కంప్యూటర్లన్నీ తెలుగు లిపిని ఒకేలా గుర్తించే యూనికోడు పద్ధతి ఇంకా ఇంటింటికీ రాని రోజుల్లో, రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాసుకున్న ఉత్తరాలవి. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. షిఫ్ట్ మీటపై వేలు కాస్త జారితే తాత టాటా అయ్యేవాడు. ఆ ఉత్తరాలను తెరిచి చూసినవారు లేరు. కానీ అవి పోతాయనగానే జాతి సంపద అయిపోతాయి. వాటిని ముందుగా దింపి భద్రపరిచే పని ఎవరు తీసుకుంటారని మోడరేటర్ గారు అడిగినప్పుడు మాత్రం గ్రూపులో నిశ్శబ్దం అలుముకుంటుంది. (దింపేవారు ఎప్పుడూ ఒక్కరే ఉంటారు. ఆ ఫైలు ఆయన పాత ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. ఆ ల్యాప్‌టాప్ ఛార్జరు ఎక్కడుందో ఆయన శ్రీమతి గారికే తెలియాలి.)

డబ్బు మాట ఎత్తితే చర్చ మరింత ఉన్నత స్థాయికి చేరుతుంది. తలా కొంత వేసుకుని సొంత సర్వరు పెట్టుకుందామని ఒక అమాయకుడు సూచిస్తాడు. భాషాసేవను వ్యాపారం చేయరాదని డల్లాస్ నుంచీ, హైదరాబాదు నుంచీ ఏకకంఠంతో ఖండన వస్తుంది. ఇల్లు మనది కాకపోయినా ఫరవాలేదు, అద్దె మాత్రం ఉండకూడదు. చివరికి ఎవరో వాట్సాప్ అంటారు. మరునాడు ఉదయానికి గులాబీల బొమ్మలు వచ్చేస్తాయి.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ప్రతి గ్రూపూ ఏటా ఉగాదికి తరలింపు ప్రకటించాలి. అభ్యంతరాలకు నెల, పొడిగింపుకు మరో నెల, ఉపసంఘం నివేదికకు ఆషాఢం దాకా గడువివ్వాలి. నివేదిక అందిన వెంటనే, సభ్యుల మనోభావాలను గౌరవించి, ఉన్నచోటే ఉండాలని తీర్మానించాలి. ఆ తరువాత మళ్ళీ ఉగాది వరకు ఎవరూ మాట్లాడనక్కరలేదు. దీనిపై అభిప్రాయాలను పాత చిరునామాకే పంపగలరు. కొత్త చిరునామాకు పంపదలచినవారు ముందుగా ధ్రువీకరణ లింకును నొక్కవలసి ఉంటుంది, అది మీ స్పామ్ ఫోల్డరులో ఉంది.